నటులు కాగోరు యువకులు

బాపులపాటి మామిడితోటలలో పూత నిండుగా కనబడిన యేడు కౌలుబేరములు జోరుగా సాగును. ఆ రొక్కములో కొంత తీసికొని, నటుడను కావలెనని హైదరాబాదునకు పోవు యువకులును ఈ ప్రాంతమున లేకపోలేదు. వారినిగూర్చి పెద్దలు పలుకు మాటలు రెండే: కుఱ్ఱవాడు చెడిపోయినాడని కొందఱు, అదృష్టముండిన పైకి వచ్చునని కొందఱు. ఈ రెండును బాధ్యత తప్పించుకొను మాటలే యని మా యభిప్రాయము.

ఇందులకు నిదర్శనము దూరమున వెదుక నక్కఱలేదు. పొరుగుననున్న నూజివీటియందే 1918 జులై 3వ తేదీన సామర్ల వెంకట రంగారావు జన్మించెను. కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకములందు నటించి, అగ్నిమాపకశాఖలో ఉద్యోగము చేసి, ఆ కొలువు విడిచి ఆయన సినిమాలో ప్రవేశించెను. స్వాతంత్ర్యమునకు కొలదికాలము ముందు వచ్చిన ‘వరూధిని’లో నాయకపాత్రయే లభించినది. కాని చిత్రము పరాజయమందెను. మరల పిలుచువారు లేకపోయిరి. ఆయన జంషెడ్‌పూరునకు పోయి టాటా కర్మాగారమున కొలువు కుదుర్చుకొనెను. 1949లో ‘మనదేశం’లో చిన్నపాత్రతో అగపడి, 1951లో ‘పాతాళభైరవి’ మాంత్రికుడుగా ఆంధ్రదేశమంతటి మన్ననకు పాత్రుడయ్యెను. ‘నర్తనశాల’ (1963) కీచకునకు జకార్తా చలనచిత్రోత్సవమున ఉత్తమనటుడను గౌరవము దక్కినది.

ఇందు గమనింపదగినది అదృష్టము కాదు. సినిమా తలుపు తట్టుటకు పూర్వమే ఆయన వాచికము రంగస్థలముపై రాటుదేలినది. తలుపు మూసికొన్ననాడు అన్నము పెట్టు పని యొకటి చేతనుండెను. నేటి మన యువకునకు ఈ రెండును కఱవే. తిరునాళ్ళకు వేలు వెచ్చించి పైయూరి బృందములను రప్పింతుము. మన యూరి పిల్లవానికి ఏటికొక్క రాత్రియైనను వేదిక నీయము. తన గొంతు పదిమంది యెదుట నిలుచునో లేదో తెలియకయే వాడు నగరమున కార్యాలయముల మెట్లెక్కి దిగుచుండును. అట్టివానికొఱకే, పాత్ర యిప్పింతుమను దళారి కాచుకొనియుండును. పాత్ర ధరించినవానికి సొమ్ము ముట్టవలెను. వానియొద్ద సొమ్ము గుంజునది పాత్రయే కాదు.

ఒక్క రంగారావు వెనుక పేరు తెలియనివారు వేలమంది కలరుగదా యని ఆక్షేపింపవచ్చును. నిజమే. కావుననే మొదటి పరీక్ష మన యూరనే జరుగవలె ననుచున్నాము. ఇంటివేదికపై ఓడినవానికి పోవునది ఒక రాత్రి. నగరమున ఓడినవానికి పోవునది పదేండ్లు, కొన్నియెడల తండ్రి తోట కూడను.

కావున తోటలు గలవారును వర్తకులును గూడి, ఏటేట కాపు ముగిసిన పిమ్మట నాలుగు నాటకముల వ్యయమును భరింతురుగాక! తండ్రులు కొడుకును శపింపక, తోటను విక్రయింపక, ఒక వృత్తి నేర్పి, కొన్నేండ్లు గడువిత్తురుగాక! అంటుమొక్క కాపునకు వచ్చువఱకు నీరుపోసి కాచుకొనుట యెఱిగిన మన రైతులకు ఇంతకంటె చెప్ప నక్కఱలేదు.