పిట్టకు జాగ ఇస్తం.. మరి రైతుకు కిరాయేది?

అడివి జీవాలను కాపాడాలె అని చెప్పుడు అల్కనే. ఆటికి భూమి ఇడిసే రైతు ఎట్ల బతకాలె అన్నదే అసలు ముచ్చట.

అమెరికా సంగతి సూడుండ్రి. ఆడ 1985 చట్టంతోని ఒక స్కీమ్ వచ్చింది. మట్టి కొట్టుకపోయే భూమిల రైతు సాగు ఆపి గడ్డి, చెట్లు పెంచుతడు. సర్కారు 10 నుంచి 15 ఏండ్లు ఏటేటా కిరాయి కడతది. గడ్డి, చెట్లు పెట్టే ఖర్చుల సగం దాకా ఇస్తది. భూమి రైతుదే, గడువు తీరినంక మళ్ల దున్నుకోవచ్చు. గా గడ్డిల బాతులు, పిట్టలు గూళ్లు పెడుతున్నయి. ఇప్పుడు 2 కోట్ల ఎకరాలకు పైగా అందుల ఉన్నయి.

మరి మనకాడ? వన్యప్రాణి సంరక్షణ చట్టంల 36సి సెక్షన్ ఉన్నది. రైతు ఇష్టపడి ముందుకొస్తే పట్టా భూమిని గూడ కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటించొచ్చు. ప్రకటించినంక కమిటీ తీర్మానం, రాష్ట్ర సర్కారు మంజూరు లేకుంట ఆ భూమి వాడకం మార్చరాదు. కిరాయి మాట మాత్రం ఆ సెక్షన్ల లేదు. గిట్లయితే ఎవలు ముందుకొస్తరు?

నేననేది ఒక్కటే. గుట్టల పక్కపొంటి సరిగ పండని చెల్కలను గడువు పెట్టి కిరాయికి తీసుకోవాలె. పక్క చేన్ల పందులు పడితే పరిహారం ముందే రాయాలె. 2018ల రైతుబంధు పట్టాదారుకే పోయింది, కౌలు రైతుకు రాలే. ఈసారి గట్ల కావద్దు.

రేపు మీ ఊరికి ఇసొంటి స్కీమ్ వస్తే గ్రామసభల మూడు ముచ్చట్లు అడుగుండ్రి: ఎకరానికెంత? ఎన్నేండ్లు? కౌలుదారు వాటా ఎంత? జవాబు కాయితం మీద వచ్చినంకనే సంతకం.