రొయ్య పెంకు కవరు డెల్టాకు అక్కరకొచ్చేనా?

భీమవరం: ఒకసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువులపై 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం అమలులోకి వచ్చింది. ఆ ఏడాది డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకు తక్కువ మందం గల చేతిసంచులు కూడా కూడదన్నారు. అయినా సంతలో ఎండుచేపలు కట్టి ఇచ్చేది పల్చటి కవరులోనే. వద్దన్నారు సరే, బదులుగా ఏది వాడాలో చిన్న వ్యాపారికి చెప్పే నాథుడు లేడు.

బదులు వస్తువుకు ముడిసరుకు డెల్టా ముంగిట్లోనే ఉంది. రొయ్యల ఉత్పత్తిలో దేశంలో ఆంధ్రప్రదేశ్‌దే ప్రథమ స్థానం. రొయ్య బరువులో తల, పెంకు కలిపి 40 నుంచి 50 శాతం దాకా ఉంటాయి. ఈ పెంకులను పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నానబెడితే సున్నం పోతుంది. కాస్టిక్ సోడాతో మాంసకృత్తులు తొలగిస్తే కైటిన్ అనే పదార్థం మిగులుతుంది. దానిని మళ్లీ చిక్కని కాస్టిక్ సోడాలో వేడిచేస్తే కైటోసాన్ తయారవుతుంది. కొద్దిపాటి ఎసిటిక్ ఆమ్లం కలిపిన నీటిలో దీనిని కరిగించి, పళ్లెంలో పోసి ఆరబెడితే మామిడితాండ్ర మాదిరి పొర కడుతుంది. నేలలో కలిసిపోయే కవరుకు ఇదే మూలం. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ కైటోసాన్‌పై ఎంతోకాలంగా పనిచేస్తోంది. ఆ సంస్థకు విశాఖపట్నంలో పరిశోధన కేంద్రం ఉంది.

గాలి సోకితే ఎండుచేపలోని నూనె కనరెక్కుతుంది. దానిని ఆపే యాంటీ ఆక్సిడెంట్ గుణం ఉత్త కైటోసాన్‌కు అంతంత మాత్రమే. అందుకే శాస్త్రజ్ఞులు దానికి గాలిక్ ఆమ్లాన్ని రసాయనికంగా అతికిస్తున్నారు. కరక్కాయ, ఉసిరికాయల వగరుకు సంబంధించినదే ఈ ఆమ్లం. ఊరికే కలిపితే చాలదా అంటే, కలిపినది తడికి కారిపోతుంది. అతికించినది పొరనే అంటిపెట్టుకుని ఉంటుంది. ఫలితం తేల్చడానికి ప్రయోగశాలలో ఊదారంగు ద్రావణం వాడతారు. అది పసుపుకు తిరిగితే పొర పనిచేసినట్టు.

అయితే లోపాలూ తక్కువేమీ కావు. ఈ పొర తేమను పీల్చుకుంటుంది. గ్లిజరిన్ కలపకపోతే పెళుసుగా విరుగుతుంది. గట్టిపడాలని అణువులను మరీ బిగిస్తే మట్టిలో కలవడం ఆలస్యమవుతుంది. రొయ్య నుంచి వచ్చిన కవరులో పప్పులు, మిఠాయిలు కొనడానికి శాకాహారులు ఒప్పుకుంటారా అన్నది వేరే చిక్కు. ఎండుచేపలకైతే ఆ పేచీ లేదు. పరీక్షలకు నిలిచి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం పొందనిదే ఇటువంటి కవరును మట్టిలో కలిసేదిగా అమ్మే వీలు లేదు.

అసలు బెడద నీటితో ఉంది. పెంకు నుంచి కైటోసాన్ దాకా ప్రతి మెట్టులోనూ ఆమ్లం, కాస్టిక్ సోడా కలిసిన కడుగు నీరు వస్తుంది. దానిని శుద్ధి చేయకుండా వదిలితే పోయి చేరేది యనమదుర్రు డ్రెయిన్‌లోనే. ఆ డ్రెయిన్ ఇప్పటికే ఎంత మురికి మోస్తున్నదో గట్టు గ్రామాలవారికి తెలుసు. ప్లాస్టిక్ బెడద తీర్చబోయి కాలువ నీటికి ఎసరు పెట్టినట్టవుతుంది. నీటి శుద్ధి ఖర్చు కూడా కలిపి కవరు ధర లెక్కగట్టాలి. ఆ లెక్కలో నిలబడితేనే ఇక్కడ కర్మాగారం మాట.

పెంకుకు ధర పలికితే అది ఎవరికి దక్కుతుందన్నది మరో ప్రశ్న. షెడ్లలో చేతులు నానేలా రొయ్యలు వొలిచేది ఆడకూలీలు. వొలిచిన పెంకును ఎండకు కుళ్లకముందే వేరుచేసి, కడిగి ఆరబెట్టాల్సింది కూడా వారే. ఆ అదనపు పనికి కూలి ఎంత అన్న సంగతి ముందే తేల్చాల్సి ఉంది.