చూడకుండానే టిక్కు పెట్టాం

ఓ పిల్లవాడి గురించి పిల్లల డాక్టరు ఇచ్చిన ఫారం స్టాఫ్‌రూముకు వస్తుంది. ఒకవైపు వాక్యాలు: కూర్చున్నచోట కాళ్లూ చేతులూ కదుపుతూనే ఉంటాడు, తన వంతు వచ్చేదాకా ఆగలేడు, ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పేస్తాడు. పక్కన నాలుగు గళ్లు: ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, తరచుగా, చాలా తరచుగా. బెల్లు కొట్టేలోగా నింపేస్తాం. ఆ పూట వాడు మనల్ని సతాయించి ఉంటే టిక్కులన్నీ చివరి గడిలోనే పడతాయి. డాక్టరు చేతికి అందేది మన విసుగు లెక్కే.

ఏడీహెచ్‌డీని, అంటే ఏకాగ్రత నిలవకపోవడం, అతి చురుకుతనం ఉండే సమస్యను, తేల్చే రక్తపరీక్ష లేదు, స్కానింగూ లేదు. రోజూ చూసేవాళ్ల మాటే ప్రధాన ఆధారం. అందుకే 1969లోనే కీత్ కానర్స్ ఉపాధ్యాయులు నింపే స్కేలును ప్రచురించాడు. మానసిక సమస్యల నిర్ధారణకు వాడే 2013 నాటి డీఎస్ఎం-5 గ్రంథం ప్రకారం లక్షణాలు కనీసం 6 నెలలుగా, బడీ ఇల్లూ లాంటి రెండు చోట్లయినా కనిపించాలి. కొన్నయినా 12 ఏళ్ల లోపే మొదలై ఉండాలి. మనమేమో జూన్‌లో బడి తెరిచిన వారానికే 'వీడికి కుదురు లేదు' అని తేల్చేశాం.

గమనించడం ఎలాగో ఎవరూ నేర్పలేదనడం సాకే. ఒకరు పాఠం చెబుతుంటే ఇంకొకరు వెనక కూర్చుని, పావుగంటసేపు, పదిహేను సెకన్లకోసారి చూసి, లేచాడా, పనిలో ఉన్నాడా అని గీత గీస్తే చాలు. అదే బెంచీలోని మరో పిల్లవాడికీ అలాగే గీయాలి. ఆ రెండో లెక్క లేనిదే మొదటిదానికి విలువ లేదు. క్లాసంతా కదులుతోందంటే ముందు మన పాఠాన్ని చూసుకోవాలి.

ఆ పావుగంట కేటాయించలేదు. గోడకుర్చీ వేయించడానికి మాత్రం తీరిక దొరికింది. కదలకుండా ఉండటం చేతకాని బిడ్డకు కదలకుండా ఉండటమే శిక్షగా వేశాం, విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ఒప్పుకోదని తెలిసీ.

ఒకే తరగతిలో వయసు తక్కువవాళ్లకే ఏడీహెచ్‌డీ ముద్ర ఎక్కువగా పడుతోందని పలు దేశాల అధ్యయనాల్లో తేలింది. అడ్మిషన్ రిజిస్టరు మన బీరువాలోనే ఉంది. పుట్టినతేదీ తీసి చూశామా? నన్ను అన్నిటికన్నా బాధించేది ఆడపిల్లల సంగతి. కిటికీ వైపు చూస్తూ కూర్చున్న పిల్లకు ప్రోగ్రెస్ కార్డులో 'బుద్ధిమంతురాలు' అని రాశాం. ఆమె నోట్సులో లెక్కలన్నీ మూడో మెట్టు దగ్గరే ఆగిపోయి ఉన్నాయి. ఏకాగ్రత నిలవకపోవడమూ ఇదే సమస్యలో భాగం. ఆమె అల్లరి చేయలేదు కనుక మన కంటపడలేదు.

తోటి ఉపాధ్యాయులారా, ఈసారి ఫారం వస్తే వారం గడువు అడగండి. తేదీ, పీరియడు, పిల్లవాడు ఏం చేశాడో రోజూ రాసిపెట్టుకోండి. ఇంటిదగ్గర ఎలా ఉంటాడో వాళ్లమ్మను అడగండి. ఆ తర్వాతే పెన్ను పట్టండి. ఆ టిక్కుల్ని నమ్మే డాక్టరు మందు రాయవచ్చు.