కూడలిలో శంకుచ్ఛాయ

అన్నవరం సత్యనారాయణస్వామి ఆలయానికి వెళ్లిన యాత్రికులు అక్కడి నీడ గడియారం చెంత క్షణకాలమైనా నిలువక మానరు. 1943లో పిడపర్తి కృష్ణమూర్తి శాస్త్రి నిర్మించిన ఆ యంత్రం సిద్ధాంతగ్రంథాల పుటలు వీడి ప్రజల నడుమ నిలిచిన జ్యోతిశ్శాస్త్రానికి చక్కని నిదర్శనం. అట్టి యంత్రాలు తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాలలో ఏల ఉండరాదన్నది విచారింపదగిన విషయం.

సూర్యసిద్ధాంతంలోని త్రిప్రశ్నాధికారం దిక్కు, దేశం, కాలం అను మూడు ప్రశ్నలకు పన్నెండంగుళాల శంకువు నీడతోనే సమాధానం చెప్పుతున్నది. సమతలంపై వృత్తం గీసి, కేంద్రంలో శంకువును నిలిపి, పూర్వాహ్ణంలో నీడ కొన వృత్తంలో ప్రవేశించు బిందువును, అపరాహ్ణంలో నిష్క్రమించు బిందువును కలిపినచో తూర్పు పడమరలు సిద్ధించును. విషువద్దినాన మధ్యాహ్నపు నీడయే పలభ. గణించి చూచినచో తెనాలికి అది సుమారు మూడున్నర అంగుళాలు. బాపట్లకు దానికంటె రవంత తక్కువ. శ్లోకార్థం చెప్పగలిగియు ఈ మూడున్నర అంగుళాలను ఎండలో నిలిచి కొలువని విద్యార్థికి ఆ విద్య సగమే అందినట్లు.

అన్యదేశాల నమూనాలను యథాతథంగా తెచ్చి నిలుపుట సరికాదు. ఈ మూడు పట్టణాలు ఇంచుమించు పదునారు డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నవి. మే మొదటి వారంలోను, ఆగస్టు 8కి అటునిటుగాను మధ్యాహ్నవేళ ఇచట నిలువు కంబానికి నీడయే ఉండదు. ఆ రెండు దినాల నడుమ మధ్యాహ్నపు నీడ దక్షిణానికి తిరుగును. ఐరోపా ఉద్యానాలలో మనిషియే శంకువుగా నిలుచు దీర్ఘవృత్తాకార యంత్రం ఇచట మిక్కిలి సన్నగిలి, గ్రీష్మంలో చూపరిని తికమక పెట్టును. ఇచటి యంత్రం ఇచటి అక్షాంశానికే గణింపబడవలెను. ఆ పని ప్రాచ్య కళాశాలల పండితులది.

రూపకల్పన శిల్పులది. పాత ఇనుప నట్లు, బోల్టులతో నిలువెత్తు విగ్రహాలు మలచిన శిల్పులు తెనాలిలో ఉన్నారు. అట్టి చేతులకు శంకువును నాగలిగానో, తెరచాపగానో తీర్చుట కష్టం కాదు. నీడ పడు అంచు మాత్రం గణితం చెప్పిన కోణాన్ని తప్పరాదు. కాలిఫోర్నియాలోని రెడ్డింగ్ పట్టణంలో 2004లో శాంటియాగో కలట్రావా నిర్మించిన వంతెన స్తంభమే ఒక నీడ గడియారం. అది చూపు వేళ గ్రీష్మాయనాంత దినాననే సరిగా కుదురును. అయినను ఆ ఊరికి అదే గుర్తు. బాపట్లకు చేరువనున్న సూర్యలంక తీరం పేరులోనే సూర్యుని నిలుపుకొన్నది. రైలుమార్గం ముగియు రేపల్లెలో స్టేషను ముంగిలి తగిన స్థానం.

ప్రతి చేతిలోను గడియారం ఉండగా ఇది ఎందుకన్న ఆక్షేపం రాకపోదు. మేఘం కమ్మినపుడు, రాత్రివేళ యంత్రం మౌనం వహించుననుటయు నిజమే. కాని 1906లో భారత ప్రామాణిక కాలం ఏర్పడక పూర్వం ప్రతి ఊరికి తన మధ్యాహ్నం ఉండెడిది. 82.5 డిగ్రీల ప్రామాణిక రేఖకు పశ్చిమాననున్న తెనాలికి ఆ మధ్యాహ్నం సగటున ఏడు నిమిషాలు, బాపట్లకు ఎనిమిది నిమిషాలు ఆలస్యంగా వచ్చును. దీనికి తోడు సూర్యుడు ఫిబ్రవరి నడుమ పదునాలుగు నిమిషాలు వెనుకబడి, నవంబరు మొదట పదునారు నిమిషాలు ముందుకు సాగును. ఈ సవరణలను తెలుగులో చెక్కిన ఫలకం యంత్రం పక్కన ఉన్నచో, గడియారం తప్పా సూర్యుడు తప్పా అని బాటసారి వాదించును. ఆ వాదమే శాస్త్రానికి తొలిమెట్టు.

కూడళ్లలో విగ్రహాలకు కొదువ లేదు. ఎత్తైన కట్టడాల నీడ సోకని ఒక్క స్థలం చూచి, పురపాలక సంఘం చోటును, పండితుడు గణితాన్ని, శిల్పి పనితనాన్ని సమకూర్చిన చాలును. అందాక తొలి శంకువును ప్రాచ్య కళాశాల ముంగిటనే నాటవచ్చును. పన్నెండంగుళాల కర్రకు ఎవరి అనుమతియు అక్కరలేదు.