వగరు తెలిసిన నాలుక

మన ఊళ్ళల్లో 'వైన్స్' అంటే వైన్ దొరకని చోటు. బోర్డు మీద ఆ మాట ఉంటుంది. లోపల ఇనుప గ్రిల్ వెనక బ్రాందీ, విస్కీ, బీరు ఉంటాయి. గట్టిగా అడిగితే పై అరలోంచి ఒక సీసా తీసి, దుమ్ము తుడిచి ఇస్తారు. అది ఎన్ని ఎండాకాలాలుగా అక్కడ నిలబడి ఉందో ఇచ్చేవాడికీ తెలీదు.

నవ్వి వదిలేయొచ్చు. కానీ నా పేచీ దుకాణాలవాళ్ళతో కాదు. ముప్పైల్లో ఉండి, జీతం బాగానే వస్తూ, శనివారం రాత్రి ఒక గ్లాసు పట్టుకుని దాని గురించి నాలుగు ముక్కలు మాట్లాడగలమనుకునే మా తరంతో. వీళ్ళలో చాలామంది వైన్‌ని లేబుల్‌తో తాగుతారు. దాని మీద ఫ్రాన్స్ అనో ఇటలీ అనో ఉంటే కళ్ళు మూసుకుని గ్లాసు తిప్పుతారు. నాసిక్ అని ఉంటే "ఓ, ఇండియనా?" అని మొహం అదోలా పెడతారు. ఇంకా తాగనే లేదు!

ముందు డబ్బు లెక్క చూద్దాం, ఇంజినీర్లం కదా. దిగుమతి వైన్ మీద మన దేశంలో సుంకం చాలా ఏళ్ళుగా 150 శాతం. ఆస్ట్రేలియాతో ఒప్పందం వల్ల 2022 చివర్నుంచి అక్కడి సీసాల మీద కొంత తగ్గింది. దాని మీద రాష్ట్రం పన్నులు, పంపిణీదారు వాటా, దుకాణం లాభం. ఇవన్నీ తీసేస్తే, రెండు వేలు పోసి కొన్న విదేశీ సీసాలో అసలు వైన్ ఖరీదు ఎంత మిగులుతుందో మీరే వేసుకోండి. వాళ్ళ ఊరి సూపర్‌మార్కెట్లో కింది అరలో ఉండే సరుకుని మనం పుట్టినరోజుకి బహుమతిగా ఇచ్చుకుంటున్నాం. దేశంలో తయారయ్యే మంచి సీసాలు చాలావరకు దాదాపు అదే డబ్బుకి దొరుకుతాయి.

ఎక్కడివి ఆ మంచి సీసాలు? మహారాష్ట్ర 2001లో ద్రాక్ష ప్రాసెసింగ్‌కి ప్రత్యేక విధానం తెచ్చాక నాసిక్ చుట్టుపక్కల వైనరీలు పెరిగాయి. సులా పేరు అందరూ విన్నదే. సోలాపూర్ జిల్లా అక్లూజ్‌లో ఫ్రాటెల్లి ఉంది, ఇటాలియన్ సాంజొవేసె ద్రాక్షని అక్కడ పండిస్తున్నారు. బెంగళూరు దగ్గర నంది హిల్స్‌లో గ్రోవర్ తోటలున్నాయి. ఆ చిక్కబళ్ళాపురం వైపు వెళ్తే తోటల్లో తెలుగు వినపడుతుంది. ఇక కొప్పళ జిల్లాలో, హంపి కొండల దగ్గర, క్రస్మా. దాన్ని పెట్టింది హైదరాబాద్ గ్రాన్యూల్స్ కంపెనీ చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు. రాయలవారు ఏలిన నేల పక్కన తెలుగువాళ్ళు కాబెర్నే సావిన్యాన్ పండిస్తుంటే, మనం బోర్డో మ్యాపులు బట్టీ పడుతున్నాం.

ఈ తోటల పని కూడా తెలుసుకోదగ్గదే. యూరప్‌లో చలికాలం ద్రాక్షతీగని నిద్రపుచ్చుతుంది. మన దగ్గర ఆ చలి లేదు, తీగ నిద్రపోదు. అందుకని రైతు ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తాడు. ఏప్రిల్ ప్రాంతంలో ఒకసారి కొమ్మ కోసం, వానలు తగ్గుముఖం పట్టాక సెప్టెంబర్, అక్టోబర్లలో ఇంకోసారి కాయ కోసం. కోత జనవరి నుంచి మార్చి దాకా. పగలు ఎండ, రాత్రి చలి ఉండే ఆ నెలల్లో కాయలో తీపీ పులుపూ నిలుస్తాయి. యూరప్ పుస్తకంలో లేని వ్యవసాయం ఇది. ఆ పుస్తకం పట్టుకుని ఈ వైన్‌కి మార్కులు వేయడం, జావా కోడ్‌ని పైథాన్ కంపైల్ చేయలేదని తిట్టడం లాంటిది.

ఇక్కడ ఒక ఎదురు ప్రశ్న న్యాయంగా వస్తుంది. మన వైన్లన్నీ గొప్పవా? కావు. పంచదార నీళ్ళలాంటి 'పోర్ట్'లు ఉన్నాయి. ఎక్కువ మగ్గిన కాయతో చేసి గొంతులో మంట పెట్టేవీ ఉన్నాయి. దేశభక్తితో తాగమని నేను చెప్పడం లేదు. పేరు చూడకుండా తాగమంటున్నాను. 1976లో పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ చేసింది ఇదే. లేబుళ్ళు కనపడకుండా పోస్తే, ఫ్రెంచ్ న్యాయనిర్ణేతలే తెల్లవాటిలోనూ ఎర్రవాటిలోనూ కాలిఫోర్నియా సీసాలకి మొదటి స్థానం ఇచ్చారు. అప్పటికి కాలిఫోర్నియా వాళ్ళ దృష్టిలో, ఇవాళ మన దృష్టిలో నాసిక్ ఎంతో, అంతే. 2001లో బోర్డో పరిశోధకుడు ఫ్రెడరిక్ బ్రొషే ఇంకా తమాషా చేశాడు. తెల్ల వైన్‌లో రుచిలేని ఎర్ర రంగు కలిపి 54 మంది వైన్ విద్యార్థులకిచ్చాడు. వాళ్ళు దాన్ని ఎర్ర వైన్‌కి వాడే మాటలతో వర్ణించారు. చదువుకునే వాళ్ళకే కళ్ళు నాలుకని నడిపిస్తే మిగతావాళ్ళ సంగతి చెప్పేదేముంది!

నా అసలు బాధ మాటల గురించి. వైన్ గురించి మనవాళ్ళు మాట్లాడేటప్పుడు ఒక్క తెలుగు మాట దొర్లదు. 'డ్రై', 'టానిన్', 'బ్లాక్ కరెంట్'. బ్లాక్ కరెంట్ పండుని చెట్టు మీద చూసినవాళ్ళు మనలో ఎంతమంది? ఆ మాటలన్నీ ఒక ఊరి పెరట్లోంచి వచ్చినవి. వాళ్ళ పెరట్లో ఏముందో వాళ్ళు చెప్పుకున్నారు, తప్పులేదు. మన పెరడు ఏమైంది?

ఎర్ర వైన్ తాగగానే చిగుళ్ళు పట్టేసినట్టు, నాలుక గరుకైనట్టు అనిపించే గుణం ఉంది చూడండి, దాన్ని వివరించడానికి ఇంగ్లీషు పుస్తకాలు పేరాలు ఖర్చు పెడతాయి. 'ఆస్ట్రింజెంట్' అనే మాట ఇంగ్లండ్ పిల్లలకి ఇంట్లో వినపడేది కాదు. మనకి వగరు ఉంది. ఉగాది పచ్చడిలో ఆరింట ఒకటి. అయిదేళ్ళ పిల్లకి కూడా అరటికాయ వగరుకీ, మామిడి పిందె వగరుకీ, నేరేడు వగరుకీ తేడా తెలుసు. టానిన్‌ని పసిగట్టడానికి ఇంతకంటే ముందస్తు శిక్షణ ప్రపంచంలో ఎవరికుంది?

ఇది అలంకారం కోసం చెప్పడం లేదు. షిరాజ్ వైన్‌లో మిరియాల ఘాటు వస్తుంది. రోటండోన్ అనే పదార్థం దానికి కారణం, మిరియాల్లో ఉండేదీ అదే. కాబట్టి మిరియాల చారు గుర్తొచ్చిందంటే మీ ముక్కు సరిగ్గానే పనిచేసినట్టు. సావిన్యాన్ బ్లాంక్‌లో వచ్చే పచ్చివాసన పైరజీన్‌లది, క్యాప్సికమ్‌లో ఉండేవే. జామకాయ వాసన కూడా ఆ వైన్‌కి ప్రపంచమంతా ఒప్పుకున్న గుర్తు. లేత ఎర్ర వైన్‌కి నేరేడుపండు కంటే దగ్గరి పోలిక నాకింకా దొరకలేదు. తీపి, పులుపు, వగరు మూడూ ఉంటాయి, పైగా నాలుక ఊదా రంగుకి మారుతుంది.

సాహిత్యం చదివేవాళ్ళకి ఇంకో మాట. ఓరుగల్లులో కాకతీయుల కాలంలో విద్యానాథుడు ప్రతాపరుద్రీయంలో కవిత్వాన్ని ద్రాక్షాపాకం, నారికేళపాకం అని విడదీశాడు. నోట్లో పెట్టుకోగానే కరిగేది ఒకటి, టెంక పగలగొట్టుకుని తినాల్సింది ఇంకోటి. పద్యాన్ని నాలుకతో కొలిచిన సంప్రదాయం మనది. ద్రాక్ష పేరుతో కవిత్వాన్ని వర్ణించినవాళ్ళ వారసులం, ద్రాక్షసారాని వర్ణించాల్సొచ్చేసరికి మూగబోతున్నాం. దువ్వూరి రామిరెడ్డి పానశాల చదివి మురిసిపోతాం, పాత్రలో పోసినదాని రుచి మాత్రం అడగం.

తాగుడు గురించి ఇంత ముచ్చటా అంటారు కొందరు. దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డ నేల ఇది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి, రెండేళ్ళకే సడలిన రాష్ట్రం. ఆ ఆడవాళ్ళ కోపం ముందు నేను తల వంచుతాను. ఆల్కహాల్ ఒంటికి మంచిదని చెప్పే ధైర్యం కూడా నాకు లేదు. తాగనివాళ్ళు తాగక్కర్లేదు. కానీ ఒకటి గమనించండి. మన మద్యం వ్యాపారం మొత్తం రుచి అక్కర్లేనివాళ్ళ మీదే నడుస్తోంది. ఎంత తొందరగా ఎక్కితే అంత మంచి సరుకు. గీత కార్మికుడికి ఏ చెట్టు కల్లు ఎలా ఉంటుందో, పొద్దున దించినదానికీ మధ్యాహ్నానికి పులిసినదానికీ తేడా ఏమిటో తెలుసు. ఆ తెలివిని పక్కకి నెట్టి, మత్తుమందు కలిపిన కల్లు ఊళ్ళ మీద పడింది. రుచి అడిగేవాళ్ళు ఉంటే కల్తీ అంత తేలిగ్గా సాగదు.

కాబట్టి చేయాల్సింది చిన్న పని. మూడు సీసాలు తెచ్చుకోండి, నాసిక్‌ది ఒకటి, కర్ణాటకది ఒకటి, పైదేశానిది ఒకటి. మద్యం జీఎస్టీలో లేదు, ప్రతి రాష్ట్రానికీ దాని లెక్క దానిదే, అందుకని కొన్ని పేర్లు మన దుకాణాలకి రావు. ఊరెళ్ళినప్పుడు అక్కడే రుచి చూసి రండి. ఎర్ర వైన్‌ని గది ఉష్ణోగ్రతలో తాగాలంటారే, ఆ గది యూరప్‌లోది, మే నెల హైదరాబాద్‌ది కాదు. అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. మూడిటికీ పాత న్యూస్‌పేపర్ చుట్టి, ఎవరో ఒకరిని పోయమనండి. గోంగూర పచ్చడి కూడా పెట్టండి, ఆ పులుపు ముందు ఏది నిలుస్తుందో చూడండి.

తర్వాత కాగితం మీద తెలుగులో రాయండి. వగరు, కసరు, ఘాటు, చిరుచేదు, కమ్మదనం. మాట చాలకపోతే అమ్మమ్మనడగండి. కాగితం విప్పి పేర్లు చూసేది అంతా రాసిన తర్వాతే.