ఫౌజీ పాకెట్ సరే, రసద్ ఎవరు మోస్తున్నారు?

వానలు తగ్గి అనంతగిరి పచ్చబడిందంటే చాలు, మన ఖాందాన్ గ్రూపుల్లో ఒకటే సవాల్: "భాయ్, మిలిటరీ రేషన్ పాకెట్లలో ఏది మంచిది? హలాలేనా?" దాని కింద పది జవాబులు. ఒకాయన అమెరికా ఫౌజీ పాకెట్ ఫోటో పెడతాడు. ఇంకొకాయన మన జవాన్లు తినేదే తిందాం, అదీ దేశభక్తే అంటాడు. మూడో ఆయన ఎవరూ అడగకుండానే, పాకెట్ తిండి మొత్తం హరామ్ అని ఒక ఆడియో పంపిస్తాడు. ఇంత బహస్‌లో ఒక్కరు కూడా శనివారం రాత్రి సామాను ఎవరు సర్దుతారని అడగరు. బీపీ ఉన్న దాదీమా ఆ పాకెట్ తినొచ్చా అని అడగరు.

నా ఎతరాజ్ పాకెట్ మీద కాదు. రెండు రోజులు అడవికో చెరువు గట్టుకో పోయే ఇంటికి, వండి మూసిన తిండి నిజంగానే పనికొస్తుంది. ఎంచుకునే తీరు మీదే నా ఝగడా. అట్ట మీద ఆకుపచ్చ మచ్చలు చూసి కొంటున్నాం గాని, వెనక చిన్న అక్షరాల్లో ఏం రాశారో చదవడం లేదు. అసలు ఆ పాకెట్ ఇంట్లో ఎవరి పని తగ్గించాలో ఆలోచించడం లేదు.

ముందు ఈ ఫౌజీ డబ్బా దేనికి పుట్టిందో చూద్దాం. అమెరికా ఫౌజు ఎంఆర్‌ఈ అనే పాకెట్‌ను 1980ల మొదట్లో తన సిపాయిలకు ఇవ్వడం మొదలుపెట్టింది. ఒక్కో పాకెట్లో సగటున 1250 కేలరీలు, రోజుకు మూడు పాకెట్లు. వీపు మీద బరువు మోస్తూ, సరిగా నిద్ర లేకుండా నడిచే జవాన్ సిపాయి కోసం వేసిన లెక్క అది. అలాంటివాడికి కూడా వరసగా 21 రోజులకు మించి ఇదొక్కటే పెట్టకూడదని ఆ ఫౌజే హద్దు గీసుకుంది. మరి మనం చేసేదేమిటి? కారు దిగి, చెట్టు కింద షత్రంజీ పరిచి, దాని మీద వాలిపోవడం. మధ్యలో ఒకసారి వ్యూ పాయింట్ దాకా నడిచి సెల్ఫీ దిగడం. షుగర్ ఉన్న చాచాకీ, ఆరేళ్ల మనవడికీ సిపాయి ఖురాక్ ఎందుకు?

మన దేశంలో ఈ పని చేసింది మైసూరులోని డిఫెన్స్ ఫుడ్ రిసెర్చ్ లాబొరేటరీ. 1961లో పెట్టారు. తరీఖా సులువుగానే అర్థమవుతుంది. పాలియెస్టర్, అల్యూమినియం రేకు, పాలీప్రొపిలీన్ పొరలు కలిపి చేసిన పౌచులో కూర పోసి సీలు వేస్తారు. పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటి యంత్రంలో 121 డిగ్రీల దాకా వేడి చేస్తారు. లోపల సూక్ష్మజీవులు చస్తాయి, బయటివి లోపలికి రావు, ఫ్రిజ్ అక్కర్లేదు. ఈ ఇల్మ్ ఫౌజు దగ్గరే ఆగిపోలేదు, ప్రైవేటు కంపెనీలకూ చేరింది. ఇవాళ మీ గల్లీ చివర కిరాణా కొట్టులో దొరికే దాల్ పౌచు, రాజ్‌మా పౌచు కూడా ఇదే తరీఖాలో తయారైనవే. అంటే లోపల ఉన్నది ఒకే రకం సరుకు. 'మిలిటరీ' అన్న మాటకు, మచ్చల అట్టకు అదనంగా దామ్ కడుతున్నాం.

దేశభక్తి గురించి ఒక్క మాట. మన వఫాదారీకి సబూత్ అడిగేవాళ్లు మనం ఏ పౌచులో దాల్ తిన్నామో చూసి ఊరుకోరు. పైగా మన కుర్రాళ్లు మచ్చల ప్యాంట్లు, మచ్చల సంచులతో రాత్రిపూట అడవి అంచున కనబడితే ఏ సవాళ్లు ఎదురవుతాయో నేను విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇక విదేశీ పాకెట్ల సంగతి. అమెరికా ఎంఆర్‌ఈ పెట్టెల మీద, ఇది సర్కారు సొత్తు, బయట అమ్మడం చట్టవిరుద్ధం అని అచ్చు వేసి ఉంటుంది. అలాంటి సరుకు ఆన్‌లైన్‌లో మన దాకా వచ్చిందంటే మధ్యలో ఎన్ని చేతులు మారిందో, ఏ గోదాములో ఎన్నాళ్లు పడి ఉందో మీకు చెప్పేవాడు ఉండడు. ఆ పాకెట్ వయసు మొత్తం అది ఉన్న వేడి మీద ఆధారపడుతుంది. 27 డిగ్రీల దగ్గర ఉంచితే మూడేళ్లు, 38 డిగ్రీల దగ్గర ఉంచితే ఆరు నెలలు అని ఫౌజీ లెక్క. రామగుండంలో, కర్నూలులో మే నెల మధ్యాహ్నం కారు డిక్కీ ఎంత కాలుతుందో ఊహించుకోండి. అట్ట మీద తారీఖు చూసి తసల్లీ పడేవాళ్లు ఈ ముక్క గుర్తుంచుకోవాలి.

ఆ పాకెట్లలో వచ్చే మంట లేని హీటర్ అంటే మన పిల్లలకు మహా మోజు. అందులో మెగ్నీషియం, ఇనుము పొడి ఉంటాయి. నీళ్లు పోయగానే వేడెక్కుతుంది, హైడ్రోజన్ వాయువు వదులుతుంది. డేరా లోపల, అద్దాలు మూసిన కారులో దాన్ని ముట్టుకోకూడదు. పిల్లల చేతికి అసలే ఇవ్వకూడదు.

హలాల్ సంగతికి వద్దాం, ఎందుకంటే మన బహస్ మొత్తం అక్కడే మొదలై అక్కడే ముగుస్తుంది. అమెరికా ఫౌజులో ముస్లిం సిపాయిల కోసం హలాల్ పాకెట్లు వేరేగా ఉన్నాయి. మామూలు పాకెట్లలో పంది మాంసం మెనూలు కూడా ఉంటాయి. కాబట్టి బయట దొరికే ఎంఆర్‌ఈ దేనికదే చదవాలి. ఇటలీ ఫౌజు పాకెట్లో చిన్న మద్యం పొట్లం కూడా పెట్టేవారు. మన దేశపు సరుకైతే పచ్చ గుర్తు వెజ్, గోధుమరంగు త్రికోణం నాన్‌వెజ్. "పచ్చ గుర్తు ఉంది, ఇక బేఫికర్" అనే భాయీలు ఒకటి మరిచిపోతారు. ఆ గుర్తు మాంసం, జంతువుల కొవ్వు, జెలటిన్ లేవని మాత్రమే చెబుతుంది. సారాయి కలిసిందో లేదో చెప్పదు. అది తెలియాలంటే వెనక రాసిన పదార్థాల జాబితా చదవాల్సిందే. నాన్‌వెజ్ పౌచు మీద హలాల్ ముద్ర కనబడితే, వేసిన సంస్థ పేరు కూడా చూడండి. సంస్థ పేరు లేకుండా ఉత్త 'హలాల్' అన్న అక్షరాలు ఉంటే అది నా లెక్కలో ముష్తబా సరుకే. అలాంటిది పక్కన పెట్టి గుడ్డు, చేప, పప్పు తీసుకుంటే ఏ ఫత్వా అక్కర్లేదు. అన్నీ హరామ్ అని ఆడియో పంపే సాహెబ్‌కి మాత్రం నాదొక గుజారిష్. దలీల్ చెప్పండి, డర్ పుట్టించకండి.

ఇదంతా లేబుల్ చదివే ఓపిక ఉన్న ఎవరైనా తేల్చుకోగలరు. నాకు కోపం తెప్పించేది వేరే ఉంది.

మన పిక్నిక్ ఎలా జరుగుతుందో అందరికీ తెలుసు. ఆదివారం పొద్దున్న ఎనిమిదికి బయల్దేరాలంటే అమ్మీ తహజ్జుద్ వేళకే లేస్తుంది. శనివారం రాత్రే గోష్ట్ కడిగి, అల్లం వెల్లుల్లి నూరి, పెరుగు పట్టించి పెడుతుంది. ఫజర్ అయ్యేసరికి బగారా అన్నం దమ్ మీద ఉంటుంది. భాభీ లుఖ్మీలు వేయిస్తుంటుంది. చెల్లె దహీ చట్నీ డబ్బాలో పోసి మూత ఊడకుండా రబ్బరు బ్యాండు వేస్తుంటుంది. అక్కడికి చేరాక షత్రంజీ పరిచేది వాళ్లే, వడ్డించేది వాళ్లే, మగవాళ్లు లేచాక మిగిలినదాని చుట్టూ కూర్చునేది వాళ్లే. ఇంటికొచ్చి మాడిన దేగ్చీ రుద్దేది కూడా వాళ్లే. వాళ్లకి అనంతగిరి అంటే బావర్చీఖానా కిటికీ ఎదురుగా ఒక కొండ తెచ్చి పెట్టినట్టే.

మరి పాకెట్లు వచ్చాయి కదా, ఈ బరువు దిగిందా? దిగలేదు. నలుగురు దోస్తులు కలిసి ట్రెక్కింగ్ పోయేటప్పుడు పాకెట్లు. ఖాందాన్ మొత్తం కదిలేటప్పుడు మాత్రం "ఘర్ కా ఖానా ఉండాల్సిందే, హాథ్ కా జాయిఖా వేరు." ఎవరి హాథ్? ఆ మాట అనే మియా హాథ్ అయితే కాదు. ఆడవాళ్లు లేనప్పుడు పొయ్యి ముట్టుకోకుండా గడపడానికి పాకెట్లు కావాలి, ఆడవాళ్లు ఉన్నప్పుడు వద్దు! ఇంతకంటే సాఫ్‌గా ఎవరూ చెప్పలేరు, ఆ పాకెట్ ఎందుకు కొంటున్నామో.

ఉర్దూలో ఫౌజుకు వెనక నుంచి అందే సరుకును రసద్ అంటారు. నిజాం జమానాలో దౌరా మీద ఊరికొచ్చిన అధికారికి ఊరివాళ్లు ముఫ్త్‌గా ఇవ్వాల్సి వచ్చిన కోళ్లు, నెయ్యి, కట్టెలు కూడా ఆ బాపతే. తెలంగాణ పల్లె దాన్ని వెట్టి అంది. తర్వాత దాని మీద తిరగబడింది కూడా. హుజూర్ డేరాలో కూర్చుని హవా ఖాయేవాడు, పొగ మింగేవాళ్లు వేరే ఉండేవాళ్లు. మన ఇళ్లలో ఇతవార్ రోజు ఆ దౌరా ఇంకా నడుస్తూనే ఉంది.

మన దీన్‌లో ఫౌజీ రేషన్ కథలు లేవా? ఉన్నాయి. ఖైబర్ దారిలో సహ్బా అనే చోట రసూలల్లాహ్ (స) తినడానికి ఏమైనా తెమ్మంటే సత్తు తప్ప మరేమీ రాలేదని బుఖారీలో ఉంది. సముద్రం ఒడ్డుకు వెళ్లిన మూడు వందల మంది దస్తా సంగతి ఇంకా గట్టిది. దారిలో తోషా తరిగిపోతుంటే అమీర్‌గా ఉన్న హజ్రత్ అబూ ఉబైదా (రజి) ఏం చేశారు? ఎవరి దగ్గర ఏముందో అంతా ఒక్కచోట పోయించి, రోజూ అందరికీ కొంచెం కొంచెం పంచారు. చివరికి మనిషికి ఒక్క ఖజూర్ వంతు వచ్చింది. అమీర్‌కి ఒక దస్తర్‌ఖాన్, మిగిలినవాళ్లకు ఇంకో దస్తర్‌ఖాన్ లేదు. ఫౌజును నఖల్ చేయాలని అంత షౌఖ్ ఉంటే ఇక్కణ్ణుంచి మొదలుపెట్టండి.

సరే, ఇక కొనే మాట. ఎక్కడికి పోతున్నారో ముందు తేల్చుకోండి. ఫరహాబాద్ వైపు, నల్లమల లోపలికి పోతుంటే అడవిలో పొయ్యి వెలిగించడమే నేరం. ఎండిన ఆకు మీద ఒక్క నిప్పురవ్వ పడితే కొండ మొత్తం అంటుకుంటుంది. అలాంటి చోటికి దేగ్చీ, కట్టెలు మోసుకుపోవడం బేవఖూఫీ, పాకెట్టే సరైనది. చెరువు పక్కన వంటకు వేరే జాగా ఇచ్చే గెస్ట్‌హౌస్‌కి పోతుంటే పాకెట్ల ఖర్చు దండగ. అక్కడ మగవాళ్లు ఖిచ్డీ పెట్టొచ్చు. నాలుగు నీళ్లు, రెండు గిన్నెలు, అంతే.

ఉప్పు లెక్క మాత్రం తప్పకుండా వేయండి. రోజుకు మొత్తం ఉప్పు 5 గ్రాములకు తక్కువ ఉండాలని డబ్ల్యూహెచ్‌వో మాట. పౌచు మీద ఉప్పు అని రాయరు, సోడియం అని రాస్తారు, అదీ చాలాసార్లు 100 గ్రాములకు లెక్కగట్టి. దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది. 100 గ్రాములకు 400 మిల్లీగ్రాముల సోడియం అని ఉంటే 300 గ్రాముల పౌచులో 1200 ఉన్నట్టు. అంటే ఒక్క పూటలో 3 గ్రాముల ఉప్పు దాదీమా కడుపులోకి పోయింది. పైన అచార్, పాపడ్ లెక్క వేరే. ఆమెకి ఉడకబెట్టిన గుడ్డు, ఇంటి రొట్టె, ఖజూర్ విడిగా పెట్టుకుంటే ఏ ముష్కిల్ లేదు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబరు 14 అంకెలు ఉందా చూడండి. పౌచు ఉబ్బినా, సీలు దగ్గర తడి కనబడినా రుచి చూడకుండానే పారేయండి. ఉబ్బిన పౌచు తింటే ప్రాణం మీదికి వస్తుంది.

ఇంకో రెండు ముక్కలు, దుకాణంవాడు చెప్పనివి. అన్నం పౌచు చల్లారితే గింజ బిరుసెక్కుతుంది. కాబట్టి కూర పౌచు కొని కుల్చానో రొట్టెలో తీసుకెళ్లడం మేలు. మటన్ పౌచులో కొవ్వు చల్లటి గాలికి గడ్డకట్టి పెదవులకు అంటుకుంటుంది. మంట పెట్టుకోలేని చోటికి పప్పు, రాజ్‌మా, చికెన్ నయం. పొద్దున మరిగే నీళ్లు హాట్‌ప్యాక్‌లో పోసి, పౌచులు మూసినవి మూసినట్టే అందులో వేసి మూత బిగిస్తే తొందరగా తినేవాళ్లకి గోరువెచ్చగా అయినా ఉంటాయి. బక్రీద్ తర్వాత దండెం మీద ఎండిన సూఖా గోష్ట్, రాయలసీమలో ఒట్టి తునకలు అనేది, నాలుగు ముక్కలు సంచిలో ఉంటే మంచిదే. అది మన నానీల రెడీ టు ఈట్. కాని దాన్ని కూడా ఎండబెట్టి, వేయించి డబ్బాకెత్తే పని మళ్లీ ఎవరి మీద పడుతుందో చూసుకోండి. ఒక్క పౌచు వారం ముందే ఇంట్లో తిని చూడండి. పిల్లలకు కారం ఎక్కువైతే అడవిలో తెలుసుకోవడం కంటే ఇంట్లో తెలియడం నయం.

పాకెట్ తిండిలో బర్కత్ ఉండదని పెద్దవాళ్లు అంటారు. అమ్మీ ఒక్క ఇతవార్ ఫజర్ నమాజ్ చదివి మళ్లీ కాసేపు పడుకుని, కొండ దగ్గర కూడా నిలబడి వడ్డించకుండా అందరితో కూర్చుని తింటే ఆ బర్కత్ ఎక్కడికి పోతుందో నాకు అర్థం కాదు.

ఖాళీ పౌచులు అక్కడ పారేయొద్దు, కాల్చొద్దు. అందులో రేకు కాలదు, ప్లాస్టిక్ పొగ పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒక గట్టి సంచిలో వేసి వెనక్కి తెచ్చుకోవాలి. ఆ జిడ్డు సంచి మోసేది, సోమవారం పొద్దున చెత్తబండి ఆటోలో వేసేది, షౌఖ్‌గా ఆర్డర్ పెట్టిన మియానే.