యంత్రము చెప్పు మాట

లినక్సునందు వర్చువల్‌బాక్సును స్థాపించుకొను బాలబాలికలు పెక్కుమంది మొదటి అడ్డంకికే విసిగి, దానిని తీసివైచి మరల నెక్కించుచున్నారు. ఇది వ్యర్థప్రయాసమని మా అభిప్రాయము.

ఒక కంప్యూటరులో మరియొక కంప్యూటరును కల్పించి నడపు ఈ సాధనము 2007వ సంవత్సరమున వెలువడినది. ఇది పనిచేయుటకు లినక్సు కెర్నెలులో ఒక చిన్న భాగము ఇమడవలెను. ఆ భాగము మన యంత్రముమీదనే, మన కెర్నెలునకు సరిపడునట్లు తయారగును. అందులకు ఆ కెర్నెలుయొక్క హెడరు ఫైళ్లు కావలయును. కెర్నెలు మారి హెడర్లు రాకున్నచో నిన్న నడచినది నేడు నడవదు. హెడర్లను తెచ్చి, తెర సూచించిన ‘వీబాక్స్‌కాన్ఫిగ్’ ఆజ్ఞ నిచ్చినచో తరచుగా పని చక్కబడును. నూరుమారులు తిరిగి యెక్కించినను హెడర్లు వాటంతట అవి రావు గదా! ప్రాసెసరులోని వర్చువలైజేషను బయోసులో ఆపబడియుండుట వేరొక కారణము. అది క్షణములో సరియగును.

సెక్యూర్ బూట్ అమలులో నున్నచో సంతకములేని భాగమును కెర్నెలు లోనికి రానీయదు. దానిని ఆపివేయుడని కొందరు సలహా యిత్తురు. మేము సమ్మతింపము, అది కావలివానిని పంపివేయుట. భాగమునకు సంతకముచేసి, తాళపుచెవిని యంత్రమున నమోదు చేయుట ఆలస్యమైనను మేలు.

ఈ కారణములలో పెక్కులు తెరమీదనే వ్రాయబడియుండును. కాని ఆంగ్లమున నుండుటచే తెలుగు మాధ్యమపు పిల్లవాడు చదువక దాటిపోవును. పిమ్మట ఈ విద్య తనకు రాదని విడిచిపెట్టును. మా విచారమంతయు అదియే. ఇల్లందులో 1889 నుండి బొగ్గు త్రవ్విరి. గనిపనివారి యిండ్లలో పెరిగినవారికి, పైకప్పును తట్టి ధ్వని విన్నపిమ్మటనే లోనికి పోవలెనని వేరుగ చెప్పనక్కరలేదు. తెరమీది హెచ్చరికను ఉపాధ్యాయులు నల్లబల్లపై వ్రాసి, మాటమాటకు తెలుగున అర్థము చెప్పవలయును. అందులకు ఒక పీరియడు చాలును.